గుండె వైఫల్యం చికిత్సలో క్లినికల్ పరిశోధనలు

గుండె వైఫల్యం అనగా శరీర అవసరాలకు సరిపడినంత రక్తాన్ని గుండె పంపు చేయలేని స్థితి, లేదా గుండె గదులలో పీడనం అతిగా పెరిగితే తప్ప పంపు చేయలేని స్థితి. ఈ జబ్బుకు ఒక కొత్త చికిత్స మేలు చేస్తుందో, కీడు చేస్తుందో తెలుసుకోవడానికి రోగుల సమ్మతితో, ముందుగా వ్రాసిపెట్టుకున్న ప్రణాళిక ప్రకారం జరిపే పరీక్షలను క్లినికల్ పరిశోధనలు లేదా ట్రయల్స్ అంటారు. 1980 నాటికి ఈ జబ్బులో ఆయాసాన్ని, వాపును తగ్గించే మందులు ఉన్నాయి కాని, రోగి ఆయుష్షును పెంచుతుందని ఋజువైన మందు ఒక్కటి కూడా లేదు. ఆ తరువాతి నాలుగు దశాబ్దాలలో అటువంటి మందులు అనేకం వచ్చాయి. ఈ క్రమంలో వైద్యుల అంచనాలు రెండు విధాల తలక్రిందులైనాయి. గుండెకు బలం చేకూర్చుతాయనుకున్న మందులు మరణాలను పెంచాయి; గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవ్వరాదని పాఠ్యపుస్తకాలు నిషేధించిన మందు ప్రాణాలను నిలిపినది.

వ్యాధి స్వరూపం

గుండె వైఫల్యం అనగానే గుండె ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాని దాని పని చాలదు. ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపు చేస్తుంది. గుండెపోటు వలన కండరం కొంత చచ్చిపోయినా, దీర్ఘకాలం రక్తపోటు అదుపులో లేకపోయినా, కవాటాలు చెడినా, వైరస్ వలన గాని, మద్యం వలన గాని, వంశపారంపర్యంగా గాని కండరం బలహీనపడినా ఈ జబ్బు రావచ్చును. నడిస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, కాళ్ళ వాపు, నీరసం దీని ముఖ్య లక్షణాలు.

ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎంత భాగం ఒక్క సంకోచంతో బయటకు పోతుందో దానిని ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఎకో పరీక్ష చేయించుకున్న రోగులు వాడుకలో దీనినే పంపింగ్ శాతం అంటారు. ఇది మామూలుగా 50 నుండి 70 వరకు ఉంటుంది. 40 లేదా అంతకు తక్కువ ఉంటే పంపింగ్ తగ్గిన గుండె వైఫల్యం అని వర్గీకరిస్తారు. వ్యాధిగ్రస్తులలో సుమారు సగం మందిలో పంపింగ్ శాతం బాగానే ఉంటుంది. వారి గుండె బిరుసెక్కి, సరిగా సడలక, తగినంత రక్తాన్ని నింపుకోలేదు. ఈ రెండు రకాలకు ఒకే మందులు ఒకే విధంగా పనిచేయవు.

తరువాత వచ్చే విషయాలన్నిటికీ మూలమైన సంగతి ఒకటి ఉన్నది. గుండె పని తగ్గినపుడు మన శరీరం దానిని రక్తస్రావం జరిగినట్లు భావిస్తుంది. గాయపడిన మనిషిని కాపాడడానికి ఏర్పడిన రక్షణ వ్యవస్థలు రంగంలోకి దిగుతాయి. అడ్రినలిన్ జాతి హార్మోనులు గుండెను వేగంగా, బలంగా కొట్టిస్తాయి. మూత్రపిండాలు రెనిన్‌ను స్రవించగా, దాని వలన ఏంజియోటెన్సిన్, ఆల్డోస్టెరోన్ అనే పదార్థాలు పెరిగి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, ఒంటిలో ఉప్పు, నీరు నిలుస్తాయి. గాయం విషయంలో ఇది కొన్ని గంటల పని. గుండె వైఫల్యంలో ఇది సంవత్సరాల తరబడి సాగుతుంది. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడుస్తూ బరువు కూడా పెంచినట్లు ఈ రక్షణే భక్షణగా మారుతుంది. ఈ సంగతి 1980ల వరకు స్పష్టంగా తెలియదు.

పరిశోధన జరిపే విధానం

కొత్త మందును మొదట కొద్దిమందికి ఇచ్చి, శరీరం దానిని ఎంతవరకు భరిస్తుందో, ఎంత మోతాదు సరిపోతుందో చూస్తారు. అసలు పరీక్ష మూడవ దశలో ఉంటుంది. ఇందులో వందల నుండి వేల సంఖ్యలో రోగులను చీటీలు తీసినట్లుగా యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజిస్తారు. ఒక జట్టుకు కొత్త మందు, రెండవ జట్టుకు చూడడానికి అదే విధంగా ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికి గాని, వైద్యునికి గాని తెలియదు. అప్పటికే ఋజువైన మందులను మాత్రం రెండు జట్లవారికీ ఇవ్వాలి.

చీటీలు ఎందుకు తీయాలి అనే ప్రశ్న విద్యార్థులకు సహజంగా వస్తుంది. వైద్యుడే ఎంచుకుంటే, తెలియకుండానే కొత్త మందును కాస్త కోలుకునేటట్లు ఉన్నవారికి ఇవ్వవచ్చును. అప్పుడు వచ్చిన మేలు మందుదో, రోగి దేహబలానిదో చెప్పలేము. వేలమంది ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం గుండె వైఫల్యం స్వభావంలోనే ఉన్నది. ఈ జబ్బు ఒకరిలో హఠాత్తుగా, ఒకరిలో పదేళ్ళకు ప్రాణం తీస్తుంది. ఏడాదికి నూటికి పన్నెండుగురు మరణించే చోట ఎనిమిదిమందే మరణించారంటే అది మందు ప్రభావమా, కాకతాళీయమా అని ఒక వైద్యుడు తన ఆసుపత్రి అనుభవంతో ఎన్నటికీ తేల్చలేడు.

పరిశోధనతో సంబంధం లేని నిపుణుల సంఘం ఒకటి ఎప్పటికప్పుడు రెండు జట్ల లెక్కలను రహస్యంగా చూస్తుంటుంది. మేలు గాని కీడు గాని నిస్సందేహంగా తేలితే పరీక్షను మధ్యలోనే ఆపమని సలహా ఇస్తుంది. క్రింద చెప్పబోయే పరీక్షలలో చాలావరకు ఇలా ముందుగానే ఆగినవే.

తొలి ఔషధం

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకుల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ఒళ్ళు నీరు పట్టే ఉబ్బు వ్యాధికి నాటువైద్యంలో వాడే మూలికల మిశ్రమంలో పనిచేసేది ఈ ఆకేనని ఆయన గుర్తించాడు. నయమైన రోగుల వివరాలే కాక, నయం కానివారివి, మందు వికటించినవారివి కూడా దాచకుండా వ్రాయడం ఆ గ్రంథం విశిష్టత. ఈ మొక్కల జాతి నుండి వచ్చినదే డిజాక్సిన్ అనే మందు.

డిజాక్సిన్ ప్రాణాలను కాపాడుతుందా అనే ప్రశ్నకు రెండు వందల సంవత్సరాలకు పైగా సమాధానం లేకపోవడం ఆశ్చర్యకరం. 1997లో వెలువడిన డిగ్ పరీక్షలో 6,800 మంది పాల్గొన్నారు. రెండు జట్లలోనూ మరణాలు దాదాపు సమానం, సుమారు 35 శాతం. అయితే జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరవలసిన అవసరం మందు వాడినవారిలో 28 శాతం తగ్గినది. 2025లో ఇదే జాతికి చెందిన డిజిటాక్సిన్ అనే మందుపై జరిగిన డిజిట్-హెచ్ఎఫ్ పరీక్షా ఫలితాలు వచ్చాయి. ఆధునిక మందులు వాడుతున్న సుమారు 1,200 మంది రోగులకు దీనిని తక్కువ మోతాదులో చేర్చి ఇవ్వగా, మరణం లేదా ఆసుపత్రిలో చేరిక అనే ఉమ్మడి ఫలితం తగ్గినది. విదరింగ్ ఆకు కథ ఇంకా ముగియలేదన్నమాట.

గుండెను గట్టిగా కొట్టించే మందులు

గుండె బలహీనపడితే దానికి బలం ఇవ్వాలి అనే ఆలోచన సహజమైనది. 1970లు, 80లలో ఔషధ సంస్థలు ఈ దారినే పట్టాయి. వీటిలో మిల్రినోన్ ముఖ్యమైనది. దీనిని సిరలోనికి ఎక్కిస్తే గుండె సంకోచం బలపడి, రక్తనాళాలు సడలి, రోగికి గంటలలోనే ఊరట కలుగుతుంది. దీనిని మాత్ర రూపంలో ప్రతిరోజూ ఇస్తే ఎంత బాగుంటుందో అని అందరూ ఆశించారు.

ప్రామిస్ అనే పరీక్షలో తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,088 మంది పాల్గొన్నారు. ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వాడిన 527 మందిలో 127 మంది మరణించగా, మిల్రినోన్ వాడిన 561 మందిలో 168 మంది మరణించారు. అంటే మరణాల రేటు 28 శాతం పెరిగినది. జబ్బు ఎంత ముదిరితే కీడు అంత ఎక్కువగా కనిపించినది. దానితో పరీక్షను గడువుకు ముందే ఆపివేశారు. పరీక్ష పేరుకు వాగ్దానం అని అర్థం. అంతకుముందే, 1990లో, గ్జామోటెరాల్ అనే మరొక మందు కూడా 516 మంది రోగుల పరీక్షలో ఇదే విధంగా మరణాలను పెంచినట్లు తేలినది. ఫ్లోసెక్వినాన్ అనే మందు కథ మరింత విచారకరం. అది రోగుల నడక సామర్థ్యాన్ని పెంచినది, అమెరికాలో అమ్మకానికి అనుమతి కూడా పొందినది. పెద్ద పరీక్షలో మరణాలు పెరిగినట్లు కనబడడంతో 1993లో దానిని ఉపసంహరించారు.

ఈ మందులు వాడినవారు మొదట తమకు బాగున్నదనే చెప్పారు. వైద్యునికీ బాగున్నట్లే కనబడినది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. హఠాత్తుగా మరణించిన ఒక్కొక్క రోగి విషయంలో వైద్యుడు జబ్బునే నిందించి ఉంటాడు, మందును కాదు. రెండు జట్ల మరణాలను ప్రక్కప్రక్కన లెక్కించి ఉండకపోతే ఈ మాత్రలు ఎంతకాలం కొనసాగి ఉండేవో ఊహించవచ్చును. నేడు మిల్రినోన్ వంటివి ప్రధానంగా ప్రాణాపాయ స్థితిలోను, గుండె మార్పిడి కోసం ఎదురుచూసేవారిలోను సిర ద్వారా మాత్రమే వాడబడుతున్నాయి.

భారాన్ని తగ్గించే మందులు

కొరడా వద్దు, బరువు దించుదాం అనే రెండవ ఆలోచన ఫలించినది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జే కోన్ ఆధ్వర్యాన 642 మంది పురుషులపై జరిగిన వి-హెఫ్ట్ పరీక్ష 1986లో వెలువడినది. రక్తనాళాలను సడలించే హైడ్రలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అనే రెండు మందులను కలిపి ఇవ్వగా మరణాలు తగ్గాయి. గుండె వైఫల్యంలో మందుతో ఆయుష్షు పెరగవచ్చునని చూపిన తొలి పెద్ద పరీక్ష ఇదే. ఇందులోనే ప్రజోసిన్ అనే మూడవ మందును కూడా పరీక్షించారు. అది కూడా రక్తనాళాలను సడలించేదే, కాని మరణాలను ఏమాత్రం తగ్గించలేదు. అంటే నాళాలను సడలించడం ఒక్కటే రహస్యం కాదు.

ఆ రహస్యం పాము విషం నుండి వచ్చిన మందులతో కొంత తేటపడినది. బ్రెజిల్‌లోని జరరాకా అనే సర్పం విషంలో రక్తపోటును పడవేసే పదార్థాన్ని ఆ దేశపు శాస్త్రవేత్త సెర్జియో ఫెరేరా 1960లలో కనుగొన్నాడు. ఆ దారిలోనే ఏంజియోటెన్సిన్ తయారీని అడ్డుకునే ఏస్ నిరోధకాలు పుట్టాయి. వీటిలో ఎనలాప్రిల్ అనే మందును నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో మంచం పట్టే స్థితికి చేరిన 253 మంది రోగులపై పరీక్షించారు. కాన్సెన్సస్ అనే ఈ పరీక్ష ఫలితాలు 1987లో వచ్చాయి. ఆరు నెలలలో ఉత్తుత్తి మాత్ర జట్టులో 44 శాతం, ఎనలాప్రిల్ జట్టులో 26 శాతం మరణించారు. 1991లో సాల్వ్‌డ్ పరీక్ష 2,569 మందిపై జరిగి, అంత తీవ్రం కాని జబ్బులో కూడా మరణాలు 16 శాతం తగ్గుతాయని చూపినది. దీనికి సారథ్యం వహించినవారిలో కేరళలో జన్మించిన సలీం యూసుఫ్ ఒకరు.

నిషిద్ధ ఔషధం: బీటా నిరోధకాలు

అడ్రినలిన్ జాతి హార్మోనులు గుండె కణాల మీద బీటా గ్రాహకాలు అనే తాళాలలో తాళంచెవుల వలె అమరి గుండె వేగాన్ని, బలాన్ని పెంచుతాయి. ఈ తాళాలను మూసివేసే మందులే బీటా నిరోధకాలు. వీటిని 1960లలో గుండెనొప్పికి రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించినది. ఇవి గుండె వేగాన్ని, సంకోచ బలాన్ని తగ్గిస్తాయి. కావున అసలే బలహీనమైన గుండెకు వీటిని ఇవ్వడం ప్రమాదమని వైద్య విద్యార్థులకు దశాబ్దాలపాటు బోధించారు. ఆ బోధనకు ఆధారం లేకపోలేదు. మామూలు మోతాదులో ఒక్కసారిగా మొదలుపెట్టిన రోగులలో ఊపిరితిత్తులకు నీరు పట్టి పరిస్థితి విషమించడం వైద్యులు కళ్ళారా చూసినదే.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆకె హ్యాల్మార్సన్ తదితరులు దీనికి ఎదురీదారు. గుండె కండరం సాగిపోయి, గుండె అతివేగంగా కొట్టుకుంటున్న ఏడుగురు రోగులకు జాగ్రత్తగా బీటా నిరోధకాలను ఇచ్చి, కొన్ని నెలలలో వారి పరిస్థితి మెరుగుపడినట్లు 1975లో ప్రకటించారు. నాలుగేళ్ళ తరువాత అదే బృందానికి చెందిన కార్ల్ స్వెడ్‌బర్గ్ ఈ చికిత్సతో రోగుల ఆయుష్షు పెరుగుతున్నట్లు కనబడుతున్నదని వ్రాశాడు. వైద్యలోకం దీనిని పెద్దగా నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు. ఏడుగురు రోగులు, చీటీలు లేవు, పోల్చడానికి రెండవ జట్టు లేదు. అటువంటి ఆధారంతోనే కదా అనేక పనికిరాని మందులు చెలామణి అయినవి.

ఇంతలో ప్రయోగశాలల నుండి రెండు ఆధారాలు వచ్చాయి. చెడిపోయిన గుండె కండరంలో బీటా గ్రాహకాల సంఖ్య తగ్గిపోతుందని 1982లో మైకేల్ బ్రిస్టో బృందం చూపినది. ఎడతెగని హార్మోను తాకిడికి గుండె తానే చెవులు మూసుకుంటున్నదని దాని భావం. రక్తంలో నార్‌అడ్రినలిన్ ఎంత ఎక్కువ ఉంటే రోగి అంత త్వరగా మరణిస్తున్నాడని 1984లో జే కోన్ బృందం తెలిపినది. అయితే రక్షణ కోసం పెరిగిన హార్మోనే హంతకి కావచ్చును.

1996లో కార్వెడిలాల్ అనే మందుపై అమెరికాలో 1,094 మందితో జరిగిన పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర జట్టులో 7.8 శాతం, కార్వెడిలాల్ జట్టులో 3.2 శాతం మరణించారు. 65 శాతం తగ్గుదల అని వార్త మ్రోగినది. విమర్శకులు మాత్రం అంగీకరించలేదు. మొత్తం మరణాలు 53 మాత్రమే. మరణాలను ప్రధాన ఫలితంగా ముందుగా వ్రాసుకోలేదు. పైగా మొదటి వారాలలో మందును భరించలేనివారిని చీటీలు తీయడానికి ముందే తప్పించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 1996లో ఈ జబ్బుకు ఆ మందును సిఫారసు చేయలేదు. అనుమతి 1997లో గాని రాలేదు.

సందేహం తీర్చినవి 1999లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు. ఐరోపాలో జరిగిన సిబిస్-2 పరీక్షలో 2,647 మంది పాల్గొనగా, ఉత్తుత్తి మాత్ర జట్టులో 228 మంది, బైసోప్రొలాల్ జట్టులో 156 మంది మరణించారు. మెరిట్-హెచ్ఎఫ్ పరీక్షలో 3,991 మంది పాల్గొనగా, ఆ సంఖ్యలు 217, మెటోప్రొలాల్ జట్టులో 145. రెండింటిలోనూ మరణాల తగ్గుదల ఒకే 34 శాతం. ఇంకా మిగిలిన భయం తీవ్రమైన జబ్బు ఉన్నవారి గురించి. పంపింగ్ శాతం 25 కంటె తక్కువ ఉన్న 2,289 మందిపై కార్వెడిలాల్‌తో జరిగిన కోపర్నికస్ పరీక్ష 2001లో 35 శాతం తగ్గుదలను చూపినది. మిల్రినోన్ ఎవరికి ఎక్కువ కీడు చేసినదో వారికే ఇది మేలు చేసినది.

రహస్యం మోతాదులో ఉన్నది. కార్వెడిలాల్‌ను 3.125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి రెట్టింపు చేస్తూ 25 మిల్లీగ్రాముల వరకు తీసుకుపోతారు. ఒంట్లో నీరు తగ్గిన తరువాతనే మొదలుపెట్టాలి. మొదటి వారాలలో రోగికి నీరసం ఎక్కువైనట్లు కూడా అనిపించవచ్చును, మేలు నెలల మీద గాని కనబడదు. మిల్రినోన్ మొదట ఊరటనిచ్చి తరువాత ప్రాణం తీయగా, ఇది మొదట ఇబ్బంది పెట్టి తరువాత ప్రాణం నిలుపుతుంది. పాతకాలపు వైద్యుల అనుభవం తప్పు కాదు, వారు చూసిన కాలవ్యవధి చిన్నది. బీటా నిరోధకాలు అన్నీ సమానం కావని కూడా ఇక్కడ చెప్పాలి. 2001లో బుసిండొలాల్ అనే మందు 2,708 మంది పరీక్షలో మరణాలను నమ్మదగినంతగా తగ్గించలేకపోయినది.

పరీక్షాశాల నుండి ఊరిలోకి

1999లోనే వచ్చిన రేల్స్ పరీక్షలో స్పైరనోలాక్టోన్ అనే పాత, చవక మందును 25 మిల్లీగ్రాముల మోతాదులో 1,663 మందిపై పరీక్షించారు. ఇది ఆల్డోస్టెరోన్‌ను అడ్డుకుంటుంది. మరణాలు 46 శాతం నుండి 35 శాతానికి తగ్గాయి. వైద్యులు వెంటనే ఈ మందును వ్రాయసాగారు. ఈ మందుతో రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉన్నది. పరీక్షలో పాల్గొన్నవారి మూత్రపిండాలు బాగున్నవని ముందే చూసి, తరచు రక్తపరీక్షలు చేసేవారు. బయట ఆ జాగ్రత్త లోపించినది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు లెక్కలు 2004లో వెలువడినవి. ఏస్ నిరోధకాలు వాడుతున్న గుండె వైఫల్యం రోగులలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 ఉండగా, 2001 నాటికి వెయ్యికి 11 అయినారు. మందు మంచిదే. పరీక్షలో దానిని ఇచ్చిన పద్ధతి మాత్రం మందుతోపాటు బయటకు రాలేదు.

పరికరాల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలును. హఠాత్తుగా లయ తప్పిన గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చి కాపాడే, ఛాతీలో అమర్చే డీఫిబ్రిలేటర్ 2005 నాటి ఎస్‌సీడీ-హెఫ్ట్ పరీక్షలో మరణాలను 23 శాతం తగ్గించినది. జఠరికలు రెండూ ఒకేసారి సంకోచించేటట్లు చేసే పేస్‌మేకర్ అదే సంవత్సరం కేర్-హెచ్ఎఫ్ పరీక్షలో నెగ్గినది. గుండెకు సాయపడే యాంత్రిక పంపు 2001లో రీమ్యాచ్ పరీక్షలో ఏడాది బ్రతికినవారి శాతాన్ని 25 నుండి 52కు పెంచినది.

2014 తరువాత

ఎనలాప్రిల్‌ను మించిన మందు కోసం జరిగిన ప్రయత్నాలు చాలాకాలం విఫలమైనాయి. 2014లో ప్యారడైమ్-హెచ్ఎఫ్ పరీక్షలో 47 దేశాలకు చెందిన 8,000 మందికి పైగా పాల్గొన్నారు. సక్యుబిట్రిల్, వల్సార్టాన్ కలిసిన మాత్రను ఉత్తుత్తి మాత్రతో కాక ఎనలాప్రిల్‌తోనే పోటీకి పెట్టడం ఇందులోని ప్రత్యేకత. ఋజువైన మందు ఉండగా ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం ధర్మం కాదు. గుండె, రక్తనాళాల కారణంగా మరణించినవారు ఎనలాప్రిల్ జట్టులో 16.5 శాతం, కొత్త మాత్ర జట్టులో 13.3 శాతం.

తరువాతి మందులు అనుకోని చోటు నుండి వచ్చాయి. ఆపిల్ చెట్టు వేరు బెరడు నుండి 1835లో ఫ్రెంచి రసాయనవేత్తలు ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది మూత్రంలో చక్కెరను పోయేటట్లు చేస్తుంది. దాని ఆధారంగా మధుమేహానికి గ్లిఫ్లోజిన్లు అనే మందులు తయారైనాయి. మధుమేహం మందులన్నీ గుండెకు కీడు చేయవని నిరూపించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో నిర్దేశించినది. అంటే ఆ పరీక్షలు అనుమానంతో మొదలైనవి. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ వాడిన మధుమేహ రోగులలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గినట్లు కనబడినది. కీడును వెదకబోతే మేలు దొరికినది. 2019లో డాపా-హెచ్ఎఫ్ పరీక్షలో గుండె వైఫల్యం ఉన్న 4,744 మందికి డాపాగ్లిఫ్లోజిన్‌ను ఇచ్చి చూశారు. వారిలో సగానికి పైగా మధుమేహం లేనివారు. జబ్బు ముదరడం లేదా గుండె కారణంగా మరణించడం 26 శాతం తగ్గినది, మధుమేహం ఉన్నా లేకున్నా ఒకే విధంగా. ఈ మందు గుండెకు ఎలా మేలు చేస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు.

పంపింగ్ శాతం బాగున్న రెండవ రకం జబ్బులో మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా మందులు విఫలమైనాయి. స్పైరనోలాక్టోన్‌ను పరీక్షించిన టాప్‌క్యాట్ ఫలితాలు 2014లో వచ్చినపుడు అమెరికా ఖండాల రోగులకు, రష్యా, జార్జియా దేశాల రోగులకు మధ్య వింతైన తేడా కనబడినది. రష్యాలో మందు వాడుతున్నామని చెప్పిన కొందరి రక్తంలో ఆ మందు జాడే లేదని 2017లో బయటపడినది. ఎంపాగ్లిఫ్లోజిన్ 2021లో, డాపాగ్లిఫ్లోజిన్ 2022లో ఈ రకంలో కూడా ఫలితమిచ్చాయి. అయితే తగ్గినది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరికలే. 2024లో ఫినరెనోన్ అనే మందు సుమారు 6,000 మంది పరీక్షలో నెగ్గినది.

మూలకణాలతో గుండె కండరాన్ని తిరిగి మొలిపించవచ్చునని 2000ల ఆరంభంలో గొప్ప ప్రచారం జరిగినది. ఆ వాదానికి పునాదిగా నిలిచిన ఒక ప్రయోగశాల వ్యాసాలు 31 ఉపసంహరించాలని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి పత్రికలను కోరాయి. మూలకణ చికిత్స పేరుతో డబ్బు అడిగేవారి వద్దకు వెళ్ళబోయే రోగులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

భారతదేశంలో

పైన చెప్పిన పరీక్షలలో అత్యధిక భాగం ఐరోపా, ఉత్తర అమెరికా రోగులతో జరిగినవి. వారి సగటు వయస్సు సుమారు 60 నుండి 70 వరకు ఉన్నది. భారతదేశంలో ఈ జబ్బు అంతకంటె చిన్న వయస్సులో వస్తున్నది. కీళ్ళజ్వరం వలన చెడిన కవాటాలు నేటికీ ఇక్కడ ఒక కారణం. అటువంటి రోగులను పెద్ద పరీక్షలలో సాధారణంగా చేర్చుకోరు. 16 దేశాలలో 5,823 మంది రోగులను ఏడాదిపాటు గమనించిన ఇంటర్-సీహెచ్ఎఫ్ అధ్యయనం 2017లో వెలువడినది. ఏడాదిలో మరణించినవారు మొత్తం మీద 16.5 శాతం కాగా, ఆఫ్రికాలో 34, భారతదేశంలో 23, చైనాలో 7 శాతం. కేరళలో 2013లో మొదలైన తిరువనంతపురం రిజిస్ట్రీలో 1,205 మంది ఆసుపత్రి రోగులను నమోదు చేయగా, మొదటి ఏడాదిలోనే పదిమందిలో సుమారు ముగ్గురు మరణించారు. ఋజువైన మందులన్నీ అందినవారు వారిలో కొద్దిమందే.

ఖరీదు ఒక్కటే దీనికి కారణం అనడానికి వీలులేదు. ఎనలాప్రిల్, కార్వెడిలాల్, స్పైరనోలాక్టోన్ చాలాకాలంగా చవకగా దొరికే మందులు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మనదేశంలో 2020లో ముగిసిన తరువాత దాని ధర బాగా తగ్గినది. ఈ తరగతుల మందులను తయారుచేసే సంస్థలు హైదరాబాదులో కూడా ఉన్నాయి. కొరవడినది మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తపరీక్షలు చూస్తూ రోగిని పదేపదే కలిసే ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎంత విలువైనదో 2022లో స్ట్రాంగ్-హెచ్ఎఫ్ పరీక్ష చూపినది. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళే 1,078 మంది రోగులలో ఒక జట్టుకు కొత్త మందేదీ ఇవ్వలేదు. ఉన్న మందులనే రెండు వారాలలో పూర్తి మోతాదుకు పెంచి, తరచు పిలిచి పరీక్షించారు. ఆరు నెలలలో మరణం లేదా తిరిగి ఆసుపత్రిలో చేరిక 23 శాతం నుండి 15 శాతానికి తగ్గినది.

మనదేశంలో జరిగే క్లినికల్ పరిశోధనలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ 2007లో ప్రారంభమైనది. 2009 జూన్ నుండి నమోదు తప్పనిసరి అయినది. 2019లో వచ్చిన నియమావళి ప్రకారం పరిశోధనలో పాల్గొన్నందువలన కలిగిన హానికి ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు రోగికి ఉన్నది. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం చేసిన తరువాత కూడా, ఏ దశలోనైనా, కారణం చెప్పకుండానే రోగి తప్పుకోవచ్చును.